మొదటి బస్సు కోసం మైకక్క

ఆసుపత్రి లాండ్రీలో పనిచేసే ఆవిడను అందరూ మైకక్క అనేవారు. మైకు అక్కర్లేని ఆ గొంతు పుట్టుకతో వచ్చింది కాదు. పనిలో చేరకముందు ఆమె కూడా అందరిలాగే మాట్లాడేది. నేలమాళిగలో ఉన్న ఆ లాండ్రీలో బట్టలుతికే యంత్రాలు ఒకదాన్ని మించి ఒకటి రొద పెడుతుంటాయి. ఇస్త్రీ రోలర్లు ఆవిరి కక్కుతూ బుసలు కొడుతుంటాయి. పక్కనున్న మనిషితో "ఆ దుప్పటి కొస పట్టుకో" అనాలన్నా పొట్టలోంచి గాలి లాగి అరవాలి. ఏళ్ల తరబడి అలా అరిచీ అరిచీ, ఇంటికొచ్చాక కూడా గొంతు దిగడం మానేసింది. ఆమె భర్తను ఉప్పు అందించమంటే వీధి చివరింటి వాళ్లు కూడా ఉప్పు డబ్బా కోసం వెతుక్కునేవారని చెప్పుకునేవారు.

భర్త గడియారాలు బాగుచేసేవాడు. కంటికి భూతద్దం బిగించుకుని, ఊపిరి బిగబట్టి, ఆవగింజంత మరలు తిప్పుకునే మనిషి. ఆయన నోట్లోంచి మాట రావడం గగనం. "కాస్త మెల్లగా" అనేవాడు ఆయన. "చెవుడు నాకా, నీకా?" అనేది అత్తగారు. "ఇది ఆసుపత్రమ్మా, సంత కాదు" అనేవాడు సూపర్వైజరు. మైకక్క ఎవరి మాటకూ నొచ్చుకున్నట్టు కనిపించేది కాదు. కానీ కొత్తవాళ్ల మధ్య కూర్చున్నప్పుడు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని మాట్లాడేది. బంధువుల ఇళ్లలో అయితే అసలు మాట్లాడేదే కాదు. తలూపి ఊరుకునేది.

వాళ్ల కాలనీ నదికి ఇవతల, ఆసుపత్రి అవతల. తెల్లవారకముందే కాలనీ చివరి నుంచి మొదటి బస్సు బయలుదేరేది. అందులో ఎక్కేవాళ్లంతా ఆసుపత్రి మనుషులే. వార్డులు తుడిచేవాళ్లు, రోగులకు పొద్దుటి తిండి వండేవాళ్లు, నర్సులు, ఆయాలు, లాండ్రీ వాళ్లు. డ్రైవరుకు అందరూ తెలుసు. ఎవరైనా పరుగెత్తుకుంటూ వస్తుంటే ఆగేవాడు. ఆ బస్సులో సగంమంది నిద్రపోయేవాళ్లు, సగంమంది మైకక్క మాటలు వింటూ నిద్రపోలేకపోయేవాళ్లు.

ఒకరోజు బస్సు రాలేదు. చీకట్లో నిలబడి నిలబడి, చివరికి ఒక నర్సు ఫోను వెలుగులో స్తంభానికి అంటించిన కాగితం చదివింది. ప్రయాణికులు చాలనందున ఈ సర్వీసు రద్దు చేశామని ఉంది. ఇకమీదట మొదటి బస్సు పొద్దెక్కాకే.

"చాలకపోవడమేంటి? రోజూ నా కాలు ఎవరో ఒకరు తొక్కుతూనే ఉన్నారు కదా" అంది వంటమ్మ. ఆసుపత్రి వంటశాలలో పెద్ద గంగాళాల దగ్గర పనిచేసే మనిషి ఆమె. లావుగా, నిదానంగా ఉండేది. బస్సులో మైకక్క పక్క సీటు ఎప్పుడూ ఆమెదే.

ఏం చేస్తారు, నడిచారు. వంతెన మీద నడిచేవాళ్లకంటూ దారి లేదు. దీపాలు ఎప్పుడో చచ్చిపోయాయి. లారీలు దూసుకుపోతుంటే ఆ గాలికే ఒళ్లు ఊగిపోయేది. గోడను రాసుకుంటూ, ఒకరి వెనక ఒకరు నడిచేవారు. కొన్నాళ్లు అలాగే గడిచాయి. ఆలస్యమైనవాళ్లకు సూపర్వైజర్ల చేత చీవాట్లు, కాళ్లకు బొబ్బలు, మధ్యాహ్నానికల్లా నిద్ర. అందరూ తిట్టుకున్నారు, అలవాటు పడ్డారు.

వానపడ్డ ఒక తెల్లవారుజామున వంటమ్మ కాస్త వెనకబడింది. వెనకనుంచి వచ్చిన వ్యాను ఆమెను చూసుకోలేదు. గుద్దేసి ఆగకుండా పోయింది. మైకక్క ముందే వెళ్లిపోవడంతో ఆమెకు ఈ సంగతి తెలియదు. అత్యవసర విభాగం నుంచి మురికి దుప్పట్ల బండి కిందికి దిగాక, విడదీస్తుంటే ఒక దుప్పటి నిండా రక్తం, బురద కనిపించాయి. ఆ లాండ్రీలో రక్తం కొత్త కాదు. బండి తెచ్చిన మనిషే ఆమె చెవి దగ్గర నోరు పెట్టి చెప్పాడు. "మన వంటమ్మదక్కా. కాలు రెండుచోట్ల విరిగింది. ప్రాణానికేం ఫర్వాలేదు."

మైకక్క ఆ దుప్పటిని యంత్రంలో వెయ్యలేదు. తొట్టిలో చన్నీళ్లు పట్టి చేత్తో ఉతికింది. ఉతుకుతున్నంతసేపూ నోరు మెదపలేదు. ఆమె మాట్లాడకపోతే లాండ్రీలో యంత్రాలన్నీ ఆగిపోయినట్టు అనిపించిందని తోటివాళ్లు తర్వాత చెప్పారు.

ఆ సాయంత్రమే కౌన్సిలరు ఆఫీసుకు వెళ్లింది. మందుల దుకాణం పైన గది, గోడ వారగా కుర్చీలు, రెండు ఫోన్లు పట్టుకున్న ఒక పీఏ. కౌన్సిలరు మర్యాదస్తుడు. లేచి నిలబడి కుర్చీ చూపించాడు, టీ తెప్పించాడు.

"చాలా బాధాకరం చెల్లెమ్మా. కానీ బస్సులు మా చేతుల్లో ఉండవు. రవాణా సంస్థ వాళ్లది ఆ పని. నేను ఒక మాట వాళ్ల చెవిన వేస్తాను."

మర్నాడు రవాణా సంస్థకు వెళ్లింది. అక్కడి గుమాస్తా తల పైకెత్తకుండానే చెప్పాడు. "డబ్బిచ్చేది కౌన్సిల్. వాళ్లు తీసెయ్యమంటే తీసేశాం. వెయ్యమంటే వేస్తాం."

మళ్లీ కౌన్సిలరు దగ్గరికి. మళ్లీ టీ. "చూద్దాం." ఇంకోసారి వెళ్తే ఆయన లేడు, పీఏ ఉన్నాడు. టీ కూడా లేదు. కాళ్లరిగేలా తిరిగి ఇంటికొచ్చి, వంటింట్లో గిన్నెలు దడదడలాడిస్తుంటే మంచం మీంచి అత్తగారు పిలిచింది. ఒకప్పుడు నూలు మిల్లులో పనిచేసిన మనిషి. మోకాళ్లు పోయాయి గానీ నోరు మాత్రం నిక్షేపంలా ఉంది.

"ఏమైంది?"

"చూద్దాం అన్నారు అత్తయ్యా."

"ఎవరితో వెళ్లావు?"

"ఒక్కదాన్నే."

"అందుకే టీ ఇచ్చి పంపించారు. ఒక్కదానివి వెళ్తే కుర్చీ వేస్తారు. అందరూ కలిసి వెళ్తే ఉన్న కుర్చీలు చాలవు. అప్పుడు గాని వాళ్లకి చెమట పట్టదు." ఆవిడ దిండు సర్దుకుంది. "ఇంకోటి. తిట్టకండి. తిడితే ఆ తిట్లనే పట్టుకుంటారు, అసలు సంగతి వదిలేస్తారు. ఏం కావాలో అదే అడగండి. అడిగిందే మళ్లీ అడగండి. విని విని వాళ్లకి విసుగు రావాలి, అడిగీ అడిగీ మనకి రాకూడదు."

"నేను మాట్లాడితే అరిచినట్టుంటుంది కదా అత్తయ్యా."

"ఇన్నాళ్లూ నేను భరించలేదా? ఇప్పుడు వాళ్లని భరించమను."

మొదట కౌన్సిలరు ఆఫీసుకు ఫోన్లు మొదలయ్యాయి. టీ విరామంలో ఒకరు, అన్నాల వేళ ఒకరు, షిఫ్టు దిగాక ఒకరు. నర్సు చేసేది, తుడిచే ఆవిడ చేసేది, గేటు దగ్గర వాచ్‌మన్ చేసేవాడు. అందరిదీ ఒకటే మాట. నేను ఫలానా పని చేస్తాను, మీ వార్డులోనే ఉంటాను, ఓటు ఇక్కడే, మొదటి బస్సు మళ్లీ ఎప్పుడు వేస్తారు? పీఏ మొదట్లో చెబుతానన్నాడు. తర్వాత నసిగాడు. ఆ తర్వాత ఫోను ఎత్తడం మానేశాడు. ఎత్తకపోతే ఇంటికెళ్లే దారిలో ఆఫీసు మెట్లెక్కి అదే మాట ఎదురుగా నిలబడి అడిగేవారు. పాపం ఆ అబ్బాయి తిండి తింటుంటే కూడా ఎవరో ఒకరు గుమ్మంలో కనిపించేవారు.

అయినా కౌన్సిలరు కదలలేదు. అప్పుడు మైకక్క ఇంకో ఆలోచన చేసింది. ఎలాగూ చీకటితో లేచి నడవాలి. వంతెనకు వెళ్లే దారులు రెండున్నాయి. పెద్దరోడ్డు మీదుగా ఒకటి, కౌన్సిలరు ఇంటి వీధిలోంచి ఒకటి. రెండోది కొంచెం చుట్టు.

"ఏం ఫర్వాలేదు, చుట్టే పోదాం" అంది.

మర్నాటి నుంచి అందరూ ఆ వీధిలోంచే పనికి వెళ్లారు. నినాదాలు లేవు, జెండాలు లేవు. డ్యూటీ బట్టల్లో, భుజాన సంచులతో, మామూలుగా కబుర్లు చెప్పుకుంటూ నడిచారు. మిగతా అందరి కబుర్లూ కలిపినా మైకక్క కబుర్లకు సరిపోయేవి కావు. కిటికీలు ఒక్కొక్కటే వెలిగాయి. కుక్కలు లేచాయి. మూడో నాడో నాలుగో నాడో కౌన్సిలరు తల్లి శాలువా కప్పుకుని గేటు దగ్గరికి వచ్చింది.

"ఎవరమ్మా మీరంతా? ఈ వేళప్పుడు ఏంటీ గోల?"

"ఆసుపత్రి వాళ్లం పెద్దమ్మా. పనికి వెళ్తున్నాం. బస్సు తీసేశారు."

"ఎవరు తీసేశారు?"

మైకక్క గేటు మీదున్న పేరుపలక వైపు చూసి ఊరుకుంది. ముసలామె కూడా అటే చూసింది. లోపలికి వెళ్లింది. ఆ తర్వాత ఇంట్లో కొడుకుకు ఏం వడ్డించిందో ఎవరికీ తెలియదు గానీ, మర్నాటి నుంచి వాళ్లు వచ్చే వేళకు ఆ ఇంటి వాకిట్లో దీపం వెలిగేది.

కౌన్సిలరు పోలీసులకు ఫోను చేశాడు. ఒక కానిస్టేబులు వచ్చి వీధి మొదట్లో చేతులు చాచి నిలబడ్డాడు.

"ఊరేగింపుకి పర్మిషన్ ఉందా?"

"ఊరేగింపు కాదు నాయనా, డ్యూటీ. నువ్వు నీ డ్యూటీకి వచ్చావు, మేం మా డ్యూటీకి పోతున్నాం. నడవకూడదని ఎక్కడైనా రాసుంటే చూపించు, ఆగిపోతాం."

కానిస్టేబులు చాచిన చేతులు దించాడు. ఆపలేక, వదల్లేక, వెంట నడిచాడు. వంతెన మధ్యలో ఒక లారీ దూసుకుపోయింది. ఆ గాలికి అతని టోపీ ఎగిరి నదిలో పడింది. అతను గోడ పట్టుకుని కిందికి చూశాడు, తర్వాత ఆడవాళ్ల వైపు చూశాడు.

"రోజూ ఇలాగే పోతారా?" అన్నాడు.

"రోజూ ఇలాగే."

మళ్లీ అతను ఆపడానికి రాలేదు.

ఆ వారంలోనే సూపర్వైజరు మైకక్కను గదిలోకి పిలిచాడు. పైనుంచి అతనికి ఎవరో అక్షింతలు వేసినట్టున్నారు, మొహం గంటు పెట్టుకుని ఉన్నాడు. "నీవల్ల ఆసుపత్రికి చెడ్డపేరొస్తోంది. ఈ గొడవ ఆపకపోతే నిన్ను రాత్రి షిఫ్టుకి మారుస్తాను."

ఇది ముదిరి ఉద్యోగమే పోతే, భర్త గడియారాల పనితో ఇల్లు గడవదని మైకక్కకు తెలుసు. అయినా చెయ్యి నోటికి అడ్డం పోలేదు.

"మార్చండి సార్. రాత్రి షిఫ్టు తెల్లవారుజామునే దిగుతుంది. అప్పుడు కౌన్సిలరు గారి వీధిలోంచే ఇంటికి పోతాను. వీళ్లు అటు పోతుంటే నేను ఇటు వస్తుంటాను. ఆయనకి రెండు వైపులా వినిపిస్తుంది."

గది తలుపు తీసే ఉంది. బయట యంత్రాలు తిరుగుతున్నా ఆ మాట లాండ్రీ అంతటికీ వినిపించింది. ఎవరో నవ్వారు. సూపర్వైజరు ఆమె షిఫ్టు మార్చలేదు.

కౌన్సిల్ భవనంలో నోటీసుబోర్డు మీద ఒక సంగతి రాసి ఉంటుంది. సభకు ఎవరైనా రావచ్చు, ముందుగా పేరిస్తే మాట్లాడవచ్చు. అది చూసినవాళ్లు లేరు, పేరిచ్చినవాళ్లు అంతకన్నా లేరు. మైకక్క పేరిస్తే గుమాస్తా నమ్మలేక రెండుసార్లు అడిగాడు. సభనాడు చూస్తే పౌరులు మాట్లాడే మైకు ముందున్న బల్ల మీద దుమ్ముపట్టిన ఫైళ్లు పేర్చి ఉన్నాయి. అవి తీయించేసరికి కాసేపు పట్టింది. వెనక బెంచీల నిండా ఆసుపత్రి మనుషులు. సెలవు పెట్టినవాళ్లు, షిఫ్టు దిగి నిద్రకళ్లతో వచ్చినవాళ్లు, చక్రాల కుర్చీలో కాలు చాపుకుని వంటమ్మ. ఒక మూల, కొట్టు మూసేసి వచ్చిన గడియారాల ఆయన.

ముందు కౌన్సిలరు మాట్లాడాడు. "ప్రజల ఇబ్బంది నాకు తెలుసు అధ్యక్షా. కానీ ఆ బస్సు ఎక్కేవాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. ఖాళీ బస్సు తిప్పడం ప్రజాధనం వృథా."

మైకక్క లేచింది. మైకు దగ్గరికెళ్లి మొదటి మాట అనగానే స్పీకర్లు కీచుమన్నాయి. సభ్యులు చెవులు మూసుకున్నారు, ఒకరిద్దరు నవ్వారు. ఆమె ఒకడుగు వెనక్కి జరిగింది.

"అయ్యా, మీరు ఆ బస్సు ఎప్పుడైనా ఎక్కారా?"

"అమ్మా, సభ్యులను నేరుగా ప్రశ్నించకూడదు" అంది అధ్యక్షురాలు.

"అయితే మిమ్మల్నే అడుగుతానమ్మా. ఆయన ఎక్కారా? ఖాళీగా పోయిందని ఎవరు చెప్పారు? మీ ఇంట్లో ఎవరైనా ఆసుపత్రిలో పడుకుంటే పొద్దున్నే వాళ్లకి దుప్పటి మార్చేది మేమే. తిండి వండేది, గది తుడిచేది మేమే. మేం రాకపోతే పొద్దున్నే ఆసుపత్రి లేదు. ఆ బస్సు ఎక్కేవాళ్లు ఎవరో మీరే చూడండి." ఆమె వెనక్కి తిరిగింది. "మొదటి బస్సు వాళ్లంతా లేవండమ్మా."

బెంచీలు కిర్రుమన్నాయి. అందరూ లేచారు. వంటమ్మ లేవలేక చెయ్యెత్తింది. అధ్యక్షురాలు గంట కొట్టింది. సమయం అయిపోయిందంది. మైకు ఆపించింది. ఆపినా తేడా ఏమీ తెలియలేదు. మైకక్క అదే గొంతుతో చెప్పుకుంటూ పోయింది. వాన, వ్యాను, రక్తం పట్టిన దుప్పటి, చన్నీళ్లు. ఈసారి ఎవరూ నవ్వలేదు.

"దయచేసి కూర్చోండి" అంది అధ్యక్షురాలు.

"కూర్చోమమ్మా. బస్సులోనే కూర్చుంటాం."

ఎవరూ కూర్చోలేదు. అధ్యక్షురాలు రెండుసార్లు చెప్పి, చివరికి విషయాన్ని వచ్చే సభకు వాయిదా వేసి లేచిపోయింది. మెట్లు దిగుతుంటే మైకక్క మొగుణ్ని అడిగింది. "మీరెందుకు లేచారు? మీరెప్పుడూ ఆ బస్సు ఎక్కలేదు కదా."

"కూర్చోబుద్ధి కాలేదు" అన్నాడాయన.

వాయిదా అంటే చాలామంది నీరుగారిపోయారు. ఇదంతా చేసింది దీనికోసమేనా అన్నారు. నడకకు వచ్చేవాళ్లు తగ్గారు. ఒక తెల్లవారుజామున కౌన్సిలరు వీధిలో మైకక్క, ఆమె వెనక ఇద్దరు నర్సులు మాత్రమే ఉన్నారు. ఆ రోజు ఆమెకు మాట్లాడటానికి ఏమీ తోచలేదు. మానేద్దామని కూడా అనిపించింది. కానీ ఆ ఇంటి వాకిట్లో దీపం వెలుగుతోంది. దాన్ని చూసి, గొంతు సవరించుకుని, ఏం చెప్పాలో తెలియక, ఇస్త్రీ రోలర్ చెడిపోయిన కథ మొదటినుంచి చివరిదాకా చెప్పింది.

ఆ రోజుల్లోనే పక్క వార్డు కౌన్సిలరు ఆమెను వెతుక్కుంటూ వచ్చాడు. వాళ్ల కౌన్సిలరుకూ ఈయనకూ పడదు. ఎన్నికలు దగ్గరపడుతున్నాయి. "మా సభలో వేదిక మీద మాట్లాడక్కా. వాడి పరువు తీసేద్దాం" అన్నాడు.

"నాకు ఆయన పరువు వద్దన్నా, బస్సు కావాలి. కౌన్సిల్లో ఓటెయ్యడానికి మీకూ చెయ్యి ఉంది కదా. అది ఎత్తండి."

"అది వేరే సంగతి..."

"అదే అసలు సంగతి. ఎత్తకపోతే మీ వీధిలోంచి కూడా వంతెనకు దారుందేమో వెతుక్కుంటాం."

అతను వెళ్లిపోయాక గాని ఆమెకు తట్టలేదు, ఇన్నాళ్లూ తామంతా ఒకే తలుపు తడుతున్నామని. బస్సు ఈ కాలనీదే అయినా చేతులెత్తేది అన్ని వార్డుల వాళ్లూ. ఆసుపత్రిలో ఊరంతటి మనుషులూ పనిచేస్తున్నారు. మధ్యాహ్నం తిండి వేళ బల్లబల్లకూ వెళ్లి అడిగింది, నీది ఏ వార్డు, మీ కౌన్సిలరు ఎవరు అని. చాలామందికి తెలియదు. తెలుసుకున్నారు. ఎవరి కౌన్సిలరుకు వాళ్లే ఫోను చేశారు. తన వార్డు వాళ్లు కాని వాళ్ల మాట ఏ కౌన్సిలరూ వినడు, తన వార్డు వాళ్ల మాట వినకుండా ఉండలేడు. ఒక డాక్టరమ్మ కూడా చేసింది. నడకకు మళ్లీ మనుషులు వచ్చారు, ఈసారి మొదటి బస్సు ఎప్పుడూ ఎక్కనివాళ్లు కూడా.

తర్వాతి సభలో వెనక బెంచీలు చాలక గోడల వెంబడి నిలబడ్డారు. మైకక్క మాట్లాడలేదు. అవసరం రాలేదు. చేతులెత్తమంటే పక్క వార్డు ఆయన అందరికన్నా ముందు ఎత్తాడు. ఒక్కొక్కటే లేచాయి. వాళ్ల కౌన్సిలరు చుట్టూ చూసి, అందరికన్నా చివర ఎత్తాడు. కొన్నాళ్లు వేసి చూద్దాం అని తీర్మానం. ఆ "చూద్దాం" అన్న మాట విని నర్సులు ఒకరినొకరు చూసుకున్నారు.

బస్సు మళ్లీ బయలుదేరే రోజున చీకట్లోనే కౌన్సిలరు ఫొటోగ్రాఫరుతో సహా వచ్చాడు. రిబ్బను తెచ్చాడు. కత్తెర మైకక్కకు ఇవ్వబోయాడు.

"మీరే కత్తిరించండి, మాకు ఆలస్యమవుతుంది" అంది.

ఆయన కత్తిరించి, ఫొటో కోసం బస్సెక్కి డ్రైవరు పక్కన నిలబడ్డాడు. అందరూ ఎక్కేశాక మైకక్క చివరగా ఎక్కి తలుపుకు అడ్డంగా నిలుచుంది. "ఎలాగూ ఎక్కారు కదా, ఆసుపత్రి దాకా రండి. ఖాళీగా పోతుందో లేదో మీరే చూద్దురుగాని."

బస్సంతా గొల్లున నవ్వింది. దిగితే బాగుండదు. ఆయన పచ్చి వెలక్కాయ గొంతులో పడ్డట్టు నవ్వి కూర్చున్నాడు. ఎవరో ఆయన కాలు తొక్కారు. వంతెన మీదికి రాగానే మైకక్క కిటికీ అద్దం పక్కకు జరిపి దీపాల్లేని స్తంభాలు ఒక్కొక్కటే చూపించింది. వంటమ్మ ఎక్కడ పడిందో చూపించింది. ఆయన చూశాడు. ఆసుపత్రి గేటు ముందు దిగాక అటూ ఇటూ చూసి అడిగాడు. "ఇప్పుడు తిరిగి వెళ్లేదెలా?"

"మీ ఇంటి వైపు బస్సు పొద్దెక్కాకే సార్. అంతవరకూ ఆగండి, లేదంటే వంతెన మీదుగా నడిచి వెళ్లండి. గోడ పక్కనే నడవండి, లారీల గాలికి కళ్లజోడు జాగ్రత్త."

ఆయన ఏ దారిన వెళ్లాడో వాళ్లు చూడలేదు. డ్యూటీ వేళయింది. కానీ ఆ నెలలోనే వంతెన మీద ఒకవైపు దీపాలు వెలిగాయి. రెండో వైపు వెలగలేదు. తీగలు రాలేదని ఒకరు, కాంట్రాక్టరు రాలేదని ఒకరు చెప్పారు.

మైకక్క టీ విరామంలో యంత్రాలకు దూరంగా మెట్ల మీద కూర్చుని ఫోను చేసింది. అవతల పీఏ ఎత్తి, ఆమె నోరు తెరవకముందే ఫోనును చెవికి కాస్త దూరంగా పెట్టుకున్నట్టు తెలిసింది.

"చెప్పక్కా" అన్నాడు. "రెండో వైపు దీపాల గురించేగా?"

"అవును. ఎప్పుడు?"

"సోమవారం కనుక్కుని చెప్తాను."

"సోమవారం నేనే వస్తాను" అంది మైకక్క. "ఒక్కదాన్నే కాదులే. కుర్చీలు సర్దిపెట్టు."